సెన్సర్ డ్రైవర్ రివ్యూ: రీడింగ్ తప్పినా ఎర్రర్ రావట్లేదు, ఎక్కడ వెతకాలి?

ప్రశ్న:
నమస్కారమండీ. లైనక్స్ కెర్నల్ 6.6 మీద, ఐఐఓ సబ్‌సిస్టమ్ (కెర్నల్‌లో సెన్సర్లని చూసుకునే భాగం) కోసం రాసిన ఐ2సీ (రెండు వైర్ల బస్సు) తేమ సెన్సర్ డ్రైవర్ రివ్యూకి వచ్చింది. మామూలుగా బాగానే పనిచేస్తోంది. చిక్కు రెండు చోట్ల. వైరు కదిలినప్పుడు రీడ్ ఫెయిలవ్వాల్సింది పోయి 34695 అనే అంకె వస్తోంది, ప్రతిసారీ అదే. అలాగే స్క్రిప్టు సిస్‌ఎఫ్‌ఎస్ ఫైలు (కెర్నల్ రీడింగ్‌ని బయటికి చూపించే ఫైలు) చదువుతుండగా డ్రైవర్‌ని అన్‌బైండ్ చేస్తే (డివైస్ నుంచి విడదీస్తే), ఫైలు మాయమయ్యే ముందు రెండు మూడు సార్లు మళ్లీ అదే 34695. ప్రోబ్‌లో (డివైస్‌కి డ్రైవర్ కలిసినప్పుడు నడిచే ఫంక్షన్) డివైస్ అలొకేషన్, రిజిస్ట్రేషన్ రెండూ డెవ్‌ఎమ్ (డ్రైవర్ విడిపోయాక కెర్నలే విడుదల చేసే) ఫంక్షన్లతోనే ఉన్నాయి. చిప్‌కి కరెంటిచ్చే రెగ్యులేటర్‌ని మాత్రం విడిగా ఆన్ చేసి, రిమూవ్ ఫంక్షన్‌లో (డ్రైవర్‌ని విడదీసేటప్పుడు నడిచేది) ఆఫ్ చేస్తున్నారు. రివ్యూలో ఏం రాయాలి?

జవాబు:
ఆ అంకెని హెక్స్‌లోకి మార్చి చూడండి: 8787. అంటే రెండు బైట్లూ 87, దశాంశంలో 135. 256 లోంచి 121 తీస్తే 135. మీకు వస్తున్నది తేమ కాదండీ, ఈరిమోట్‌ఐఓ అనే ఎర్రర్ కోడ్, -121. ఎస్‌ఎమ్‌బస్ (ఐ2సీ మీద నడిచే పద్ధతి) బైట్ రీడ్ ఫంక్షన్ 32 బిట్ల సైన్డ్ విలువ ఇస్తుంది. తప్పు జరిగితే అది నెగటివ్. దాన్ని నేరుగా యూ8 (గుర్తు లేని 8 బిట్ల) వేరియబుల్‌లో పెట్టుకుంటే మైనస్ గుర్తు అక్కడే పోతుంది. ఆ తర్వాత సున్నా కన్నా తక్కువా అని చూసినా ఫలితం ఉండదు, యూ8 ఎప్పుడూ నెగటివ్ కాదు కాబట్టి. ఇదే తప్పుకి -6 అయితే 250, టైమవుట్ -110 అయితే 146 కనిపిస్తాయి. ఇలాంటి అంకెలు పదేపదే వస్తుంటే ముందు అనుమానించాల్సింది సెన్సర్‌ని కాదు, వేరియబుల్ టైపుని.

సరిచేయడం తేలికే. విలువని ముందు రెట్ అనే ఇంట్ వేరియబుల్‌లోకి తీసుకుని, నెగటివ్ అయితే అక్కడే రిటర్న్ రెట్. ఆ తర్వాతే యూ8 లోకి. రెండు బైట్లూ కలిపి చదవొచ్చని డేటాషీట్ చెబితే వర్డ్ స్వాప్డ్ రీడ్ (రెండు బైట్లు చదివి వాటి వరస తిప్పే ఫంక్షన్) వాడమనండి. అది నెగటివ్ విలువని తిప్పకుండా ఉన్నదున్నట్టే ఇస్తుంది. చేత్తో స్వాబ్16 (బైట్లు తిప్పేది) రాసుకున్న కోడ్‌లో ఆ జాగ్రత్త ఉండదు.

చాలామంది రివ్యూలో వదిలేసేది ఇంకోటి ఉంది: రెట్‌లో వచ్చిన అసలు కోడ్‌ని పారేసి, దాని బదులు -ఈఐఓ (మామూలు ఐ/ఓ ఎర్రర్) ఇవ్వడం. అలా చేస్తే బస్సు బిజీగా ఉందో, చిప్ జవాబివ్వలేదో పైవాళ్లకి తెలిసే దారే ఉండదు. వచ్చిన కోడ్‌నే పైకి పంపాలి.

ఇంకో జవాబు:
రెండో చిక్కు పూర్తిగా వరసకి సంబంధించింది. డెవ్‌ఎమ్‌తో తీసుకున్నవన్నీ రిమూవ్ ఫంక్షన్ అయిపోయిన తర్వాతే, తీసుకున్న వరసకి తిరగేసి విడుదలవుతాయి. మీ డ్రైవర్‌లో రిమూవ్ ముందే కరెంటు తీసేస్తోంది, సిస్‌ఎఫ్‌ఎస్ ఫైలు మాత్రం ఇంకా ఉంది. ఆ సందులో చదివినవాళ్లకి చచ్చిన చిప్ నుంచి -121. పైన చెప్పిన యూ8 తప్పు వల్ల అది 34695 గా బయటపడుతోంది.

రిమూవ్ ఫంక్షన్ మొత్తం తీసేయమని రాయండి. 6.6 లో డెవ్‌ఎమ్_రెగ్యులేటర్_గెట్_ఎనేబుల్ ఉంది, అది సరిపోతుంది. చిప్‌ని స్లీప్‌లో పెట్టడంలాంటి పని ఏదైనా ఉంటే డెవ్‌ఎమ్_యాడ్_యాక్షన్_ఆర్_రీసెట్‌తో, చిప్‌ని నిద్ర లేపిన వెంటనే కింది లైన్‌లోనే కట్టాలి. అది ఫెయిలైతే మీ యాక్షన్‌ని తనే నడిపి ఎర్రర్ ఇస్తుంది. కాబట్టి ఆ ఎర్రర్ పాత్‌లో మళ్లీ స్లీప్ రాయకూడదు, రెండుసార్లు అవుతుంది. రిజిస్ట్రేషన్ మాత్రం ప్రోబ్‌లో చివరి పనిగా ఉండాలి.

ప్రోబ్‌లో సందేశాలకి డెవ్_ఎర్_ప్రోబ్ వాడారో లేదో కూడా చూడండి. రెగ్యులేటర్ డ్రైవర్ ఇంకా లోడ్ కాకపోతే -517, అంటే ప్రోబ్ డిఫర్ వస్తుంది. అది తప్పు కాదు, తర్వాత మళ్లీ ప్రయత్నిస్తామని అర్థం. మామూలు డెవ్_ఎర్ వాడితే బూట్ లాగ్ అనవసరపు ఎర్రర్లతో నిండిపోతుంది. డెవ్_ఎర్_ప్రోబ్ దాన్ని ఎర్రర్‌గా అచ్చువేయకుండా, కారణాన్ని డీబగ్‌ఎఫ్‌ఎస్‌లోని (డీబగ్ కోసం కెర్నల్ చూపించే ఫైళ్ల చోటు) డివైసెస్_డిఫర్డ్ ఫైల్లో చూపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ, అంకె గుట్టు తెలిసింది. ఇంకో రెండు సందేహాలు. చిప్ ఐడీ సరిపోకపోతే -ఈనోడెవ్ (అలాంటి డివైస్ లేదు) ఇచ్చి ఆపేస్తున్నారు, అది సరైనదేనా? కొలత పూర్తయ్యేదాకా వెయిట్_ఫర్_కంప్లీషన్_టైమవుట్ వాడి, రెట్ సున్నా కన్నా తక్కువైతే ఎర్రర్ అంటున్నారు, అదీ సరైనదేనా?

జవాబు:
రెండోది కచ్చితంగా బగ్. ఆ ఫంక్షన్ ఎప్పుడూ నెగటివ్ ఇవ్వదు. టైమవుట్ అయితే సున్నా, లేకపోతే మిగిలిన జిఫీలు (కెర్నల్ టైమర్ టిక్కులు). మీ కోడ్‌లో, కొలత అయిందని చిప్ పంపే ఇంటరప్ట్ రాకపోయినా పాత విలువే కొత్త రీడింగ్‌గా వెళ్లిపోతుంది. సున్నా వస్తే -ఈటైమ్‌డవుట్ రిటర్న్ చేయాలి. కొలత మొదలుపెట్టే ముందు రీఇనిట్_కంప్లీషన్ (పాత కంప్లీషన్‌ని చెరిపేది) ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే టైమవుట్ తర్వాత ఆలస్యంగా వచ్చిన ఇంటరప్ట్ తర్వాతి రీడ్‌ని ఆగకుండా వెంటనే ముందుకి పంపేస్తుంది.

చిప్ ఐడీ సంగతి: ఐడీ రిజిస్టర్ చదవడమే ఫెయిలైతే ఆపేయాలి. చదివాక వేరే విలువ వస్తే ఐఐఓలో ఇప్పుడు కోరేది డెవ్_ఇన్ఫో లేదా డెవ్_వార్న్‌తో చెప్పి ముందుకెళ్లడం. రేపు కొత్త చిప్ ఇదే రిజిస్టర్ మ్యాప్‌తో వచ్చి, డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ చిప్పులున్నాయో చెప్పే వివరణ) పాత చిప్‌ని ఫాల్‌బ్యాక్ కంపాటిబుల్‌గా (దాని డ్రైవరైనా సరిపోతుందని) రాస్తే, ఈ కెర్నల్ మీదే అది పనిచేయాలి కదా.

ఇంకో జవాబు:
ట్రిగర్డ్ బఫర్ (ట్రిగర్ వచ్చినప్పుడల్లా రీడింగ్ తీసి దాచే ఏర్పాటు) ఉంటే హ్యాండ్లర్‌ని ప్రత్యేకంగా చదవండి. రీడ్ ఫెయిలైనా ఐఐఓ_ట్రిగర్_నోటిఫై_డన్ పిలిచి తీరాలి. ఎర్రర్ వచ్చిందని నేరుగా రిటర్న్ చేస్తే ఒక్క చెడ్డ రీడ్‌తో ట్రిగర్ ఆగిపోతుంది, మళ్లీ డేటా రాదు. రన్‌టైమ్ పీఎమ్ (వాడనప్పుడు చిప్‌ని నిద్రపుచ్చే ఏర్పాటు) ఉంటే పీఎమ్_రన్‌టైమ్_గెట్_సింక్ ఫెయిలైనా యూసేజ్ కౌంట్ (ఎందరు వాడుతున్నారన్న లెక్క) పెరిగే ఉంటుంది. పీఎమ్_రన్‌టైమ్_రెజ్యూమ్_అండ్_గెట్ వాడితే ఆ బాధ లేదు. మ్యూటెక్స్‌కి (తాళానికి) గార్డ్ (పని అయిపోగానే తాళం తనే తీసేది) వాడుకోవచ్చు, కానీ ఒకే ఫంక్షన్‌లో గార్డ్‌నీ గోటూనీ కలపొద్దని రాయండి.

పరీక్షకి: కాన్ఫిగ్_డీబగ్_టెస్ట్_డ్రైవర్_రిమూవ్ ఆన్ చేస్తే ప్రతి ప్రోబ్ తర్వాత కెర్నలే ఒకసారి రిమూవ్ చేసి మళ్లీ ప్రోబ్ చేస్తుంది. విడుదలలో తేడా ఉంటే చాలావరకు బూట్‌లోనే దొరుకుతుంది. రెగ్యులేటర్ డ్రైవర్‌ని మాడ్యూల్‌గా కట్టి, బూట్ లైన్‌లో ఎఫ్‌డబ్ల్యూ_డెవ్‌లింక్=ఆఫ్ పెట్టి (లేకపోతే కెర్నలే ముందుగా ప్రోబ్‌ని ఆపేస్తుంది), సెన్సర్ డ్రైవర్‌ని ముందు లోడ్ చేస్తే -517 దారి పరీక్ష అయినట్టే. బస్సు తప్పులకి వైరు కదపక్కర్లేదు. ఐ2సీ-జీపీఐఓ ఫాల్ట్ ఇంజెక్టర్ (బస్సులో కావాలని తప్పు పుట్టించే కెర్నల్ సాధనం) లైన్లని మీ బస్సుకి సమాంతరంగా కలిపి, డీబగ్‌ఎఫ్‌ఎస్‌లోని ఎస్‌సీఎల్ ఫైల్లోకి 0 రాస్తే క్లాక్ లైన్ కిందే ఉండిపోతుంది. ఆ స్థితిలో సిస్‌ఎఫ్‌ఎస్ రీడ్ ఎర్రర్‌తో తిరిగి రావాలి, అంకెతో కాదు. తర్వాత 1 రాసి లైన్ వదిలి, అన్‌బైండ్, బైండ్ అవసరం లేకుండానే సరైన తేమ వస్తుందో లేదో చూడండి.