వాగు గట్టున చెట్లన్నీ పీకించమంటున్నారు, పీకించాలా?

వాగొడ్డు చేను:
మాది తాడికొండ మండలం. కొండవీటి వాగు పక్కన రెండెకరాల పత్తి. మొన్నటి వానలకు గట్టు బారెడు కోసుకుపోయింది, దాంతోపాటే రెండు సాళ్ల పత్తి. పొక్లెయిన్ నడిపే అబ్బాయి వచ్చి చూసి, "సర్కారు తుమ్మ, ఈత, జమ్ము అన్నీ పీకేసి గట్టు నున్నగా చేసిస్తాను, ఒక్క పూట పని" అన్నాడు. మా నాన్న సరేనన్నారు. నాకే మనసొప్పడం లేదు. వాగు మీదికి వంగిన ఈత చెట్టుకు పదకొండు గిజిగాడి గూళ్లున్నాయి. నిన్న మోటారుకు కరెంటు రాక, కూర్చుని లెక్కపెట్టాను. ఇలాంటి చోట మీరేం చేశారు?

నల్లమడ రైతు:
బాబూ, పీకించకండి. నేను పదేళ్ల కిందట అదే పని చేయించాను. గట్టు అద్దంలా ఉందని అందరూ మెచ్చుకున్నారు. మరుసటి వరదకు నాలుగు సెంట్లు పోయింది. మట్టిని పట్టుకుని ఉన్నది ఆ వేళ్లేనని అప్పుడు తెలిసింది. ఈత, జమ్ము జోలికి వెళ్లకండి. సర్కారు తుమ్మ మాత్రం పోవాల్సిందే, అది మన నేల చెట్టు కాదు, కింద గడ్డిని కూడా బతకనివ్వదు. అయితే ఏడాదికి కొంత చొప్పున, మొదలంటా నరకండి, వేళ్లు పెకలించకండి. మోడు మళ్లీ చిగురిస్తుంది, చిగురించినప్పుడల్లా కోయాలి. విసుగు పుట్టే పనే. నరికిన చోట కానుగ, నేరేడు, ఏరుమద్ది పెట్టండి. నీటి అంచున వట్టివేరు. దాని వేరు పక్కకు పాకదు, నిలువునా దిగుతుంది.

ఉప్పలపాడు పక్క ఊరు:
గట్టు సరే, పత్తికి మందు కొట్టాక పంపు ఎక్కడ కడుగుతున్నారు? మా దగ్గర చెరువులో గూడు కట్టే గూడబాతులు చేపల కోసం చుట్టుపక్కల నీళ్లన్నీ తిరుగుతాయి. వాగు వైపు నాలుగు సాళ్లు దున్నకుండా గడ్డికి వదిలేయండి. వానకు కొట్టుకొచ్చే మట్టి, యూరియా చాలావరకు అక్కడే ఆగుతాయి. గిజిగాళ్లు పిల్లలకు పురుగులే పెడతాయని మీ నాన్నగారితో చెప్పి చూడండి.

సింగ్‌నగర్ వాసి:
ముందు సర్వేయరును పిలిచి హద్దు చూసుకోండి, గట్టు పోరంబోకు కావచ్చు. చెట్లు కొట్టే ముందు 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి సంగతి కూడా కనుక్కోండి. నాకు సేద్యం తెలియదు. 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు వాగు మా వంటగదిలో నడుములోతు నిలిచింది. అప్పటి నుంచి వాగుల గురించి ఎవరు రాసినా చదువుతున్నాను.

వాగొడ్డు చేను:
పంపు సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. ఆ ఈత చెట్టు కిందే కడుగుతున్నాం. ఇకనుంచి చేను నడుమనే కడుగుతాను. పొక్లెయిన్ అబ్బాయిని రావద్దన్నాను, నాన్న పొద్దుటి నుంచి నాతో మాట్లాడటం లేదు. వట్టివేరు పిలకలు గుంటూరు దగ్గర ఎక్కడ దొరుకుతాయి?

నల్లమడ రైతు:
మా గట్టు మీదే ఉన్నాయి. రెండు గోనెసంచులు తెచ్చుకోండి. మీ నాన్నగారిని కూడా తీసుకురండి, ఆ నాలుగు సెంట్లు పోయిన చోటు చూపిస్తాను.