పీసీఓడీకి పచ్చి కూరగాయల సలాడ్: మధ్యాహ్నం దాకా నీరు కారకుండా ఎలా?

కొర్లగుంట అమ్మాయి, తిరుపతి
అక్కలూ, నాకు పీసీఓడీ, అంటే అండాశయాల్లో హార్మోన్ల తేడా. నెలసరి సరిగా రాదు, గడ్డం మీద వెంట్రుకలు కూడా వస్తున్నాయి. అన్నం తగ్గించి కూరగాయలు పెంచమన్నారు డాక్టరమ్మ. బట్టల షాపులో బిల్లింగ్ చేస్తాను. ఎనిమిదిన్నరకు ఇల్లు వదిలితే బాక్సు తెరిచేది రెండింటికే. క్యాబేజీ, క్యారెట్ కలిపి తీసుకెళ్తే అప్పటికి అడుగున నీళ్లు చేరి, పైనంతా మెత్తబడిపోతోంది. పొద్దున పది నిమిషాల్లో అయ్యేది ఏదైనా చెప్పండి. ఇంకో టెన్షన్ ఏంటంటే, పచ్చి క్యాబేజీ తింటే థైరాయిడ్ వస్తుందని మా అమ్మ గొడవ. నిజమేనా?

గిరింపేట వంటిల్లు, చిత్తూరు
తల్లీ, మా కోడలికీ ఇదే సమస్య. ఆమె బాక్సు రోజూ నేనే కడతాను.

నీళ్లు రావడానికి కారణం ఉప్పు. ఉప్పు తగిలిందంటే క్యాబేజీలో ఉన్న నీళ్లన్నీ బయటికొచ్చేస్తాయి. అందుకే ఉప్పు, నిమ్మకాయ ఇంట్లో కలపనే వద్దు. చిన్న డబ్బాలో వేరుగా పెట్టుకో, తినే ముందు కలుపుకో. తురుముపీట కూడా పక్కన పెట్టు. అది నలిపేస్తుంది, రసం అక్కడే మొదలవుతుంది. గడ్డను నాలుగు ముక్కలు చేసి, కాడ తీసేసి, కోసిన వైపు పీట మీద బోర్లించి, కత్తితో దారాల్లాగా తరుగు. పై ఆకులు రెండు మూడు తీసేసి, మిగతాది బాగా కడిగి, తడి పూర్తిగా ఆరాకే కొయ్యాలి.

రెండు గుప్పెళ్ల క్యాబేజీ, ఒక చిన్న క్యారెట్, నానిన పెసరబేడలు రెండు చెంచాలు, కొత్తిమీర, ఒక పచ్చిమిరపకాయ. కీరా వేస్తే గింజల భాగం తీసెయ్యి. ఎర్రగడ్డ వద్దు, మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది. ఒక చెంచా నూనెలో ఆవాలు, కరివేపాకు, ఇంగువ తిరగమాత పెట్టి, చల్లారాక కలుపు. నూనె మానెయ్యకు, క్యారెట్‌లోని విటమిన్ ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు ఉండాలి. వేయించి కచ్చాపచ్చాగా దంచిన చెనిగ్గింజలు కూడా విడిగా పెట్టుకో, చివర్లో చల్లుకుంటే కరకరలాడతాయి.

ముందు ఇది తిను, ఆ తర్వాతే అన్నం. పీసీఓడీ ఉన్న చాలామందికి ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యదు, అందుకని ఎక్కువగా తయారవుతుంది. అది పెరిగితే అండాశయాలు మగ హార్మోన్లు ఎక్కువ చేస్తాయి. నీ గడ్డం మీద వెంట్రుకలు చాలావరకు అందువల్లే. పీచు, పప్పు ముందు కడుపులో పడితే అన్నంలోని చక్కెర రక్తంలోకి నిదానంగా ఎక్కుతుంది. ఇది మందు కాదమ్మా, మాత్రలు మాత్రం ఆపొద్దు.

మందుల షాపు, తిరుచానూరు రోడ్డు
అమ్మగారి భయానికి ఆధారం లేకపోలేదు. క్యాబేజీలోని కొన్ని పదార్థాలు థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ను తీసుకోవడానికి అడ్డం పడతాయి. కానీ ఒంట్లో అయోడిన్ తక్కువగా ఉండి, పచ్చి క్యాబేజీ రోజూ విపరీతంగా తినేవాళ్లకే ఆ ఇబ్బంది. రెండు గుప్పెళ్లకు భయం లేదు. ఇంట్లో అయోడిన్ ఉప్పు వాడుతున్నారో లేదో చూసుకోండి. ఈ మధ్య చాలామంది సైంధవ లవణానికి మారిపోయారు, దాంట్లో కావలసినంత అయోడిన్ ఉండదు.

ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి తినాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. క్యాబేజీ కంటే ఇది ముఖ్యం.

పలమనేరు
సీసా మయోనైజ్ మాత్రం కలపకండి, చాలావాటిలో నూనెతో పాటు చక్కెర కూడా ఉంటుంది. చిక్కదనం కావాలంటే పెరుగును గుడ్డలో కట్టి నీళ్లు దిగాక మిరియాల పొడి కలపండి. ఇంట్లో తినే రోజున బాగుంటుంది, బాక్సుకు పనికిరాదు.

కొర్లగుంట అమ్మాయి, తిరుపతి
థ్యాంక్స్ అత్తా, అన్నా. అమ్మకు ఉప్పు ప్యాకెట్ చూపించాను, అయోడిన్‌దే. పెసరబేడలు రాత్రే నానబెట్టొచ్చా?

గిరింపేట వంటిల్లు, చిత్తూరు
రాత్రంతా వద్దు, మరీ మెత్తబడిపోతాయి. లేవగానే నానెయ్యి, నువ్వు తయారయ్యేలోపు నానిపోతాయి. నీళ్లు పూర్తిగా వంచి, గుడ్డ మీద ఆరనిచ్చి కలుపు. మే నెలలో మాత్రం షాపులో ఫ్రిజ్ లేకపోతే పెసరబేడలు మానేసి ఇంకాస్త చెనిగ్గింజలు వేసుకో, తిరుపతి ఎండకు నానిన పప్పు రెండింటిదాకా ఆగదు.