వానకు తేలే పాత గోడ ప్రకటన: మళ్లీ రంగు వేయించాలా, అలాగే వదలాలా?

గోడల బాటసారి:
నేను బ్రాండింగ్, ప్రకటనల రంగంలో ఉన్నాను. పనిమీద ఏ ఊరు వెళ్లినా, సమావేశం ముగియగానే కాళ్లు పాత వీధులవైపే లాగుతాయి. కొత్త హోర్డింగులు వద్దన్నా కంటబడతాయి. నేను వెతికేది ఇటుక గోడల మీద సగం చెరిగిపోయిన రాతల కోసం.

ఇప్పుడు ఒక పాత కంపెనీ పేరును మళ్లీ మార్కెట్లోకి తెచ్చే పని మా ఏజెన్సీకి వచ్చింది. వాళ్ల గిడ్డంగి పక్కగోడ మీద ఆ పేరు పైకప్పు దాకా రాసి ఉంది. ఎండలో చూస్తే తెల్లటి మరక తప్ప ఏమీ ఆనదు. వాన వెలిశాక వెళ్లి చూద్దును కదా, అక్షరాలన్నీ లేచి నిలబడ్డాయి! పైగా ఒక అక్షరం పొట్టలో అంతకన్నా పాత ప్రకటన తాలూకు సీసా మెడ కనిపించింది. దగ్గరికి వెళ్తే ఇటుకల సందుల్లో రంగు చిక్కగా ఉంది. కుంచెను అడ్డంగా లాగితే అక్కడ రంగు అందదు కాబట్టి, పెయింటర్ పొడిచి పొడిచి నింపాడన్నమాట. అంత ఎత్తున, తాళ్లకు వేలాడే పలక మీద కూర్చుని!

క్లయింటు దాని మీద నిగనిగలాడే కొత్త రంగు వేయమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. రెండు విషయాలు చెప్పండి. తడిస్తే ఎందుకు తేలుతుంది? క్లయింటును ఒప్పించడానికి నా ఇష్టం కాకుండా గట్టి కారణం ఏమైనా ఉందా?

ఇటుకసున్నం:
పాత కట్టడాల మరమ్మతులు నా పని. పొడి గోడ మీద కాంతి చెల్లాచెదురై అంతా పాలిపోయినట్టు కనిపిస్తుంది. నీరు ఇటుక రంధ్రాల్లోకి దిగితే ఆ చెదరడం తగ్గి ఇటుక ముదురుతుంది, రంగుకూ ఇటుకకూ మధ్య తేడా పెరుగుతుంది.

ఇంతకాలం నిలిచిందంటే అది బహుశా సీసం కలిపిన తెల్లరంగు. అవిసె నూనెలో కలిపిన సీసపు తెలుపు గట్టిగా పట్టుకుంటుంది, త్వరగా పెచ్చులు ఊడదు. అందుకే చాలాచోట్ల నేపథ్యం పోయినా తెల్ల అక్షరాలు మిగులుతాయి. అయితే జాగ్రత్త: గీకడం, ఉప్పుకాగితంతో రుద్దడం వద్దు. ఆ ధూళి విషం. ముందు పరీక్ష చేయించండి.

మీరడిగిన గట్టి కారణం ఇదిగో. గాలి ఆడనివ్వని కొత్త పూత వేస్తే లోపలి తేమ బయటికి రాలేదు. లవణాలు పూత వెనక పేరుకుని ఇటుక ముఖమే ఊడి వస్తుంది. పాత రాతను కాపాడాలని పైన పారదర్శకమైన పూత వేసినా అదే ప్రమాదం.

కుంచెపట్టు:
నేను బోర్డులు రాసేవాణ్ణి. నా మాట వేరు. గోడ ప్రకటన పుట్టిందే మళ్లీ మళ్లీ రాయించుకోవడానికి. అమెరికాలో హార్లీ వారిక్ అనే పెయింటర్ 1946 నుంచి 1992 వరకు పొగాకు కంపెనీ కోసం పల్లెల్లోని కొట్టాల మీద రాశాడు. కొత్తవి రాసినవీ, మాసినవాటికి మళ్లీ రంగు వేసినవీ కలిపి దాదాపు 20,000 అంటారు. ముందుగా గీతలు గీసుకోకుండా చేతి అలవాటుతోనే రాసేవాడట. ఆ మనిషి ఏటేటా చేసింది మీరిప్పుడు వద్దంటున్న పనే కదా! అక్కడే జార్జియా రాష్ట్రంలోని కార్టర్స్‌విల్‌లో 1894 నాటి కోకా-కోలా గోడను కూడా పై పూతలు తీసి మళ్లీ రంగులు దిద్దారు. చేయి తిరిగినవాడు పాత అంచు మీదే నడిస్తే తప్పేముంది?

గోడల బాటసారి:
కుంచెపట్టు గారూ, మీ మాటను కొట్టిపారేయలేను. కానీ వారిక్ తన చేయి తిరిగిన ప్రకటననే తిరిగి రాశాడు. ఇక్కడ రాసిన చేయి లేదు, పైగా కింద రెండో ప్రకటన ఉంది. పేరు మీద రంగు వేస్తే ఆ సీసా శాశ్వతంగా పోతుంది. క్లయింటుకు ఆ సీసా సంగతే తెలియదు. వాళ్లు ఎండలోనే చూశారు.

వెలుగునీడ:
మరో దారి ఉంది. క్రెయిగ్ విన్‌స్లో అనే డిజైనర్ విన్నిపెగ్ లాంటి నగరాల్లో చెరిగిపోయిన గోడ ప్రకటనల అసలు రూపాన్ని ప్రొజెక్టరుతో గోడ మీదే చూపించాడు. రాత్రి కాసేపు పాత రంగులు వెలుగుతాయి, దీపం ఆపితే గోడ యథాతథం. మీ గోడ మీద ఒక్కో పొరను విడివిడిగా చూపించవచ్చు. ముందు తడిగా ఉన్నప్పుడు నిటారుగా ఎదురు నిలబడి ఫొటోలు తీయించండి, అవే ఆధారం.

గోడల బాటసారి:
ఇది బాగుంది. ఆవిష్కరణ రోజు సాయంత్రానికి ఇదే ప్రతిపాదిస్తాను. కొత్త పేరు రాయడానికి గిడ్డంగి వెనక ఖాళీ గోడ ఉంది. అక్కడ చేత్తోనే రాయించాలని అడుగుతాను, కుంచెపట్టు గారి వాదనకూ న్యాయం జరుగుతుంది. ఇటుకసున్నం గారూ, సీసం పరీక్షకు పొడి ఎంత కావాలి, దాన్ని ఎక్కడి నుంచి తీస్తే అక్షరం దెబ్బతినదు?

ఇటుకసున్నం:
పెచ్చు లేచిన అంచు నుంచి గోరంత చాలు. అసలు గోడను గీకకుండానే ఎక్స్-రే పరికరంతో చూసేవారూ ఉన్నారు, దొరికితే అదే మేలు.