అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది, ఇప్పుడు ఉబుంటులో నల్ల స్క్రీన్ (ఎన్విడియా)

పాలకొల్లు ఫ్లెక్స్:
షాపులో డిజైన్ సిస్టం ఎక్కట్లేదండి. ఉబుంటు 24.04, జీటీఎక్స్ 1650 కార్డు, ఎన్విడియా 535 డ్రైవరు. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే మదర్‌బోర్డు లోగో వస్తోంది, తర్వాత స్క్రీన్ నల్లబడి ఎడమ మూల చిన్న గీత కొట్టుకుంటోంది. లాగిన్ దాకా పోదు. ఫార్మాట్ చేసేద్దాం అంటున్నారు, భోగి ఫ్లెక్సీల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ఏం చెయ్యమంటారండి?

కోనసీమ పెంగ్విన్:
ఫార్మాట్ మాట మర్చిపోండి. లోగో కనపడిందంటే కార్డు, కేబులు, మోనిటరు పనిచేస్తున్నట్టే. కెర్నెల్ అంటే ఉబుంటుకి గుండెకాయ లాంటి ప్రోగ్రాం. దానికి తగిలే డ్రైవరు ముక్క, అంటే ఎన్విడియా మాడ్యూల్, ప్రతి కెర్నెల్‌కీ విడిగా ఉండాలి. మీకు కొత్త కెర్నెల్ దిగి, దాని మాడ్యూల్ దిగకముందే కరెంటు పోయుంటుంది.

లోగో పోగానే ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి. పదేపదే నొక్కితే మెనూ బదులు గ్రబ్ (కెర్నెల్‌ని ఎక్కించే ప్రోగ్రాం) ప్రాంప్ట్‌లో పడతారు. పడితే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కొట్టి మళ్లీ మొదలెట్టండి. మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి పాత కెర్నెల్ ఎంచుకోండి. డెస్క్‌టాప్ వచ్చిందా, డ్రైవరు బాగానే ఉంది, లోటు కొత్త కెర్నెల్ దగ్గరే. ముందు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.

పాతది కూడా రాకపోతే మెనూలో 'ఈ' నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే లైను చివర 'నోమోడ్‌సెట్' చేర్చి ఎఫ్10 కొట్టండి. అది ఆ ఒక్క బూట్‌కే. గ్రబ్ ఫైల్లో శాశ్వతంగా రాసేయమని చెప్పేవాళ్లుంటారు, వినకండి. అది ఉన్నంతకాలం నూవో (ఉబుంటుతోనే వచ్చే, ఎన్విడియా కార్డుల ఉచిత డ్రైవరు) లేవదు, బొమ్మ నత్తనడక నడుస్తుంది.

గోదారి గట్టు:
పాత కెర్నెల్‌లోకి వెళ్లాక సగంలో ఆగిన పని పూర్తి చెయ్యాలండి. టెర్మినల్‌లో 'సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ', ఆపైన 'సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్'. లాక్ ఉందని చెబితే ఆ ఫైలు చెరపొద్దు, వెనక ఇంకో అప్‌డేట్ నడుస్తోందేమో చూసి ఆగండి. బూట్ పార్టిషన్ (డిస్కులో కెర్నెళ్లు ఉండే భాగం) విడిగా ఉంటే 'డీఎఫ్ -హెచ్' కొట్టి చోటుందో లేదో చూడండి. నిండిపోతే ఎన్నిసార్లు కాన్ఫిగర్ చేసినా అక్కడే ఆగుతుంది. 'సుడో ఆప్ట్ ఆటోరిమూవ్'తో పాత కెర్నెళ్లు తీసేయొచ్చు.

ఆ తర్వాత 'డీకేఎంఎస్ స్టేటస్' ఏమంటోందో ఇక్కడ పెట్టండి. డీకేఎంఎస్ అంటే మాడ్యూల్‌ని మీ సిస్టంలోనే కట్టే పనిముట్టు.

పాలకొల్లు ఫ్లెక్స్:
పాత కెర్నెల్‌లో ఎక్కిందండి, ఫైళ్లు తీసేసుకున్నా. డీకేఎంఎస్ స్టేటస్ ఖాళీగా వచ్చింది. అందుకని ఎన్విడియా-డీకేఎంఎస్-535 వేశా, ఎర్రరేమీ లేకుండా కట్టింది. కొత్త కెర్నెల్‌లో మాత్రం మళ్లీ నలుపే. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 తో లోపలికెళ్లి మాడ్యూల్ ఎక్కించే 'మోడ్‌ప్రోబ్ ఎన్విడియా' కొడితే 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అంటోంది.

గోదారి గట్టు:
ఖాళీగా వచ్చిందన్నారు చూశారా, అసలు సంగతి అక్కడుంది. ఇన్నాళ్లూ మీరు వాడింది ఉబుంటు వాళ్లు ముందే కట్టి సంతకం చేసి పంపే మాడ్యూల్. ఇప్పుడు మీ సిస్టంలో మీరే కట్టించారు. దాని మీద ఉన్న సంతకం మీ బోర్డుకి తెలియదు, సెక్యూర్ బూట్ (తెలిసిన సంతకం ఉన్నవాటినే లోపలికి రానిచ్చే సెట్టింగు) ఆన్‌లో ఉంది కాబట్టి గుమ్మంలోనే ఆపేస్తోంది.

మళ్లీ సంతకం చేసిన దానికే వెళ్లండి. ముందు లినక్స్-మాడ్యూల్స్-ఎన్విడియా-535-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-24.04 వేసి, తర్వాతే డీకేఎంఎస్ ప్యాకేజీ తీయండి. వరస తిరగబడితే దాంతోపాటు డ్రైవరు కూడా ఊడిపోవచ్చు. హెచ్‌డబ్ల్యూఈ (కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే కొత్త కెర్నెల్) కాకుండా మామూలు 6.8 కెర్నెల్ అయితే పేరు చివర జెనరిక్ వరకే. 'యూనేమ్ -ఆర్' చెబుతుంది.

డీకేఎంఎస్‌నే ఉంచుకోవాలంటే 'సుడో మోక్‌యుటిల్ --ఇంపోర్ట్'తో మోక్ కీ (మీ సొంత సంతకాన్ని బోర్డు నమ్మేలా చేసే తాళంచెవి) ఇచ్చి ఒక పాస్‌వర్డ్ పెట్టి రీబూట్ చెయ్యాలి. నీలం స్క్రీన్ వస్తుంది, 10 సెకన్లలో ఏదో ఒక కీ నొక్కకపోతే వెళ్లిపోతుంది. ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, యెస్, అదే పాస్‌వర్డ్. చాలామంది ఆ నీలం తెరని ఎర్రరనుకుని వదిలేస్తారు.

పాలకొల్లు ఫ్లెక్స్:
సంతకం మాడ్యూలే వేశానండి, లాగిన్ వచ్చేసింది. కార్డు స్థితి చూపే ఎన్విడియా-ఎస్‌ఎంఐ కమాండులో కార్డు కనపడుతోంది. బిల్లింగ్ సిస్టంలో జీటీ 710 ఉంది, దానికీ 535 వెయ్యొచ్చా?

కోనసీమ పెంగ్విన్:
వద్దండి. మార్కెట్లో ఉన్న జీటీ 710లు ఎక్కువ కెప్లర్ అనే పాత తరం చిప్పులే, వాటికి ఆఖరి డ్రైవరు 470. దానికి ఎన్విడియా సపోర్టు 2024తో అయిపోయింది, కొత్త కెర్నెళ్లు వచ్చేకొద్దీ మాడ్యూల్ కట్టడం మొరాయిస్తుంది. బిల్లింగ్‌కి నూవో చాలు. ఎన్విడియా సైట్‌లో ఇచ్చే రన్ ఫైలు మాత్రం రెండింట్లో దేనికీ వెయ్యకండి, కెర్నెల్ మారిన ప్రతిసారీ ఇదే నల్ల స్క్రీన్ చూడాల్సి వస్తుంది. ఇకమీద అప్‌డేట్ పెట్టేముందు సీపీయూ ప్లగ్గు యూపీఎస్‌లో ఉందో లేదో చూసుకోండి.