దుకాణం ఖాతాలకు ఏ క్లౌడ్ తీసుకోవాలి?

మిర్యాలగూడ ఎరువుల షాపు:
మాది ఎరువులు, విత్తనాల దుకాణం. పోయిన వానాకాలం నాట్లు జోరు మీదున్నప్పుడు కంప్యూటర్ హార్డ్ డిస్క్ పోయింది. దాదాపు 400 మంది రైతుల ఉద్దెర లెక్కలు అందులోనే ఉన్నాయి. నాన్న పుస్తకంలో కూడా రాసి పెట్టారు కాబట్టి బతికిపోయాం. రెండు వారాలు రాత్రిళ్లు కూర్చుని మళ్లీ ఎక్కించాను. ఇప్పుడు క్లౌడ్‌లో పెడదామంటే "మన రైతుల బాకీలు అందరికీ కనబడతాయా?" అని నాన్న భయం. కంప్యూటర్లు అమ్మే ఒకాయన ప్రైవేట్ క్లౌడ్ అని రెండు లక్షల సర్వర్ కొనమంటున్నాడు. పబ్లిక్, ప్రైవేట్, హైబ్రిడ్‌లలో మాకు ఏది సరిపోతుంది?

పాలమూరు తమ్ముడు:
అన్నా, నేను పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో సర్వర్ల పనే చేస్తున్నాను. ఆ సర్వర్ దయచేసి కొనకండి. రెండెకరాల వరికి ఎవరైనా కోత మిషన్ కొంటారా? గంటల లెక్కన కిరాయికి తెచ్చుకుంటాం. క్లౌడ్ కూడా అంతే. వేరేవాళ్ల కంప్యూటర్లను నెట్ ద్వారా, వాడినంత మేరకు కిరాయికి తీసుకోవడం.

పబ్లిక్ అంటే అందరూ చూస్తారని కాదు. బ్యాంకులో లాకర్ల గది ఒక్కటే, తాళం చెవి మాత్రం ఎవరిది వాళ్లదే. నాన్నగారికి ఇలా చెప్పండి. ప్రైవేట్ అంటే ఆ గది మొత్తం ఒక్క సంస్థకే. పెద్ద బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు పెట్టుకుంటాయి. కొంత పబ్లిక్‌లో, కొంత ప్రైవేట్‌లో పెట్టి రెంటినీ కలిపితే హైబ్రిడ్. దుకాణానికి ప్రైవేట్, హైబ్రిడ్ రెండూ అక్కర్లేదు, పబ్లిక్ చాలు.

మీరు అసలు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. పని ఎంతవరకు మీరు చేస్తారు? దాన్ని బట్టి క్లౌడ్ మూడు రకాలు. ఐఏఏఎస్ (IaaS, ఉత్త కంప్యూటర్లే కిరాయికి) అంటే ఉత్త ట్రాక్టర్ కిరాయికి తెచ్చుకున్నట్టు, డ్రైవర్, నాగలి మీవే. పీఏఏఎస్‌లో (PaaS, సాఫ్ట్‌వేర్ రాసుకునే ఏర్పాట్లతో సహా కిరాయికి) డ్రైవర్, నాగలి కూడా వస్తాయి, ఏం పంట వేయాలో మీ ఇష్టం. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు అది పనికొస్తుంది. ఎస్ఏఏఎస్ (SaaS, తయారైన సాఫ్ట్‌వేరే కిరాయికి) అంటే పని మొత్తం గుత్తకిచ్చినట్టు. మీరు లాగిన్ అయి లెక్క రాసుకోవడమే. జీమెయిల్ అలాంటిదే. మీకు కావాల్సింది ఇదే, నెలవారీ చందా కట్టే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్.

డేటా ఎక్కడ ఉంటుందో కూడా అడగండి. క్లౌడ్ కిరాయికిచ్చే అమెజాన్ 2016లో ముంబైలో, 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో డేటా సెంటర్లు తెరిచింది. దేశం దాటించాల్సిన పని లేదు.

నల్లగొండ మెడికల్ షాపు అక్క:
తమ్ముడు చెప్పింది నిజం. నా అనుభవం కూడా చెప్తాను. నెట్ లేకున్నా బిల్లు కొట్టగలిగేది, నెట్ రాగానే తనంతట తాను పైకి ఎక్కించేది తీసుకోండి. మాకు వానొస్తే నెట్ పోతుంది, కస్టమర్‌ను నిలబెట్టలేం కదా. ఇంకోటి, ఇన్‌స్టాల్ చేసిన అబ్బాయి మా అకౌంట్‌ను తన మెయిల్, తన నంబర్ మీద తెరిచాడు. అతను ఊరు మారాక మాకు నెల రోజులు టెన్షన్. మీ నంబర్ మీదే తెరవండి, ఓటీపీ కూడా పెట్టుకోండి.

పాలమూరు తమ్ముడు:
అక్క మాట చాలా ముఖ్యం. క్లౌడ్ కంపెనీ కంప్యూటర్లకు బాధ్యత వాళ్లది, పాస్‌వర్డ్‌కు మాత్రం మీదే. సింక్ (ఇక్కడి లెక్క, క్లౌడ్‌లోని లెక్క ఒకేలా మారడం) అవుతోంది కదా అని బ్యాకప్ ఉన్నట్టు అనుకోకండి. ఇక్కడ పొరపాటున చెరిపేస్తే అక్కడా పోతుంది. వారానికోసారి లెక్కలన్నీ ఎక్సెల్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో దాచండి. అలా దించుకోనివ్వని సాఫ్ట్‌వేర్ ఎంత చవకైనా వద్దు.

మిర్యాలగూడ ఎరువుల షాపు:
ఇద్దరికీ ధన్యవాదాలు. లాకర్ మాట చెప్పగానే నాన్న ఒప్పుకున్నారు. ఆదివారం 50 ఖాతాలతో మొదలుపెడుతున్నాం. యాసంగి అయ్యేదాకా పుస్తకం కూడా రాస్తానన్నారు, నేనూ సరే అన్నాను.