దత్తత పత్రంలో ల్యాబ్ మిక్స్, అపార్ట్‌మెంట్ నోటీసులో పిట్ బుల్

జున్ను వాళ్ల నాన్న (ప్లేనో, టెక్సస్):

అందరికీ నమస్కారం. డాలస్ చుట్టుపక్కల అద్దె అపార్ట్‌మెంట్లలో కుక్కను పెంచుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే సలహా చెప్పండి. నోటీసు గడువు ఈ నెలాఖరుతో అయిపోతుంది.

కిందటేడు సంక్రాంతి వెళ్లాక దిక్కులేని కుక్కలను చేరదీసే ఇక్కడి ఒక రెస్క్యూ సంస్థ నుంచి రెండు నెలల ఆడ కుక్కపిల్లను తెచ్చుకున్నాం. లేత గోధుమ రంగు, ఛాతీ మీద తెల్ల మచ్చ, వాలిన చెవులు. మా పాప జున్ను అని పేరు పెట్టింది. దత్తత పత్రంలో జాతి అన్నచోట 'ల్యాబ్రడార్ రిట్రీవర్ మిక్స్' అని ఉంది. వెబ్‌సైటులో ఫొటో కింద కూడా అదే రాశారు. తల్లికుక్క రోడ్డు పక్కన దొరికిందనీ, తండ్రి ఎవరో తెలియదనీ, దత్తత కుదిరేదాకా తన ఇంట్లో ఫోస్టర్‌గా చూసుకున్నావిడ చెప్పారు. తల్లిని మేము చూడలేదు. ఆ కాగితాన్నే లీజింగ్ ఆఫీసులో ఇచ్చి, డిపాజిట్ కట్టి, నెలనెలా పెట్ రెంటు కడుతున్నాం.

ఇప్పుడు జున్నుకు ఏడాది దాటింది. తల వెడల్పయింది, దవడలకు కండ పట్టింది. ఈమధ్య కొత్తగా వచ్చిన మేనేజరు మెట్ల దగ్గర దాన్ని చూసి ఆగిపోయారు. ఆవిడను చూసి జున్ను తోక ఊపింది, ఆవిడ మాత్రం ఫోను తీసి ఫొటో కొట్టారు. ఆ వారంలోనే తలుపుకు కాగితం అంటించారు: ఇది పిట్ బుల్ (దూకుడు కుక్కలని పేరుపడి చాలా అపార్ట్‌మెంట్లలో రానివ్వని రకం), నిషేధిత జాతి, కుక్కను పంపించండి, లేదా ల్యాబ్ అని రుజువు చూపించండి.

రుజువు కోసం దాని లాలాజలం నమూనా పంపి డీఎన్‌ఏ పరీక్ష చేయించాం. అమెరికన్ పిట్ బుల్ టెర్రియర్ 31 శాతం, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్ 17, జర్మన్ షెపర్డ్ 14, చౌ చౌ 11, ల్యాబ్రడార్ 6. మిగిలింది తేల్చలేని కలగలుపట.

రెస్క్యూ వాళ్లకు ఫోను చేస్తే, 'అది చూసి వేసిన అంచనా మాత్రమే, ఒప్పందంలో రాశాం. వద్దనుకుంటే మాకే తిరిగి ఇవ్వండి' అన్నారు. తీసి చూస్తే నాలుగో పేజీలో నిజంగానే ఉంది. తిరిగి ఇవ్వడం మా ఇంట్లో జరిగే పని కాదు. మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చి ఉంది, జున్నుకు రోజూ పెరుగన్నం పెడుతోంది. 'మనుషులకు చాలదన్నట్టు కుక్కలకు కూడా కులధ్రువీకరణ పత్రమా' అని ఆవిడ ఒకటే నస.

నా సందేహాలు ఇవి. రెస్క్యూ వాళ్లు తెలిసే అబద్ధం రాశారా? దత్తత రుసుము వెనక్కి అడగవచ్చా? డీఎన్‌ఏ రిపోర్టు ఆఫీసుకు ఇవ్వాలా, వద్దా? ల్యాబ్ 6 శాతం ఉంది కాబట్టి ల్యాబ్ మిక్స్ అన్నమాట నిజమేనని వాదిస్తే నిలుస్తుందా?

న్యూజెర్సీ బాబాయి:

ఇంత ఆలోచన ఎందుకు బాబూ. మానసిక సాంత్వన కోసం ఈ కుక్క అవసరమని ఆన్‌లైన్‌లో ఉత్తరం ఇస్తారు. డబ్బు కడితే గంటలో మెయిల్‌కు వచ్చేస్తుంది. అది ఉంటే జాతి గురించి ఎవరూ అడగరు, పెట్ రెంటు కూడా మిగులుతుంది. మాకు తెలిసినవాళ్లు అలాగే చేశారు.

షెల్టర్ అక్కయ్య (శాన్ ఆంటోనియో):

బాబాయి గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ సలహా వద్దు. ఆ ఏర్పాటు నిజంగా చికిత్స తీసుకుంటూ, తమను ఎరిగిన వైద్యుడి చేత రాయించుకునేవాళ్ల కోసం ఉంది. మీలాంటివాళ్లు గంటలో తెప్పించే ఉత్తరాల వల్ల అసలైనవాళ్లను కూడా మేనేజర్లు దొంగల్లా చూస్తున్నారు.

తమ్ముడూ, నేను ఇక్కడ దిక్కులేని జంతువులను ఉంచే ఒక షెల్టర్‌లో వారాంతాల్లో పని చేస్తాను. కుక్కలు లోపలికి వచ్చే బల్ల దగ్గర నా కుర్చీ. జాతి ఎలా రాస్తామో చెబితే నీ కోపం ఎవరి మీద చూపించాలో నీకే తెలుస్తుంది. అట్టపెట్టెలో పిల్లలు వస్తాయి. తల్లి ఉండదు. కంప్యూటరులో మొదటి జాతి, రెండో జాతి అని రెండు గడులు ఉంటాయి. మొదటిది నింపకపోతే తరవాతి పేజీ తెరుచుకోదు. బయట వరుసలో జనం నిలబడి ఉంటారు. పొట్టి బొచ్చు, వాలిన చెవులు, ఒళ్లంతా ఒకే రంగు అయితే ల్యాబ్. నలుపూ గోధుమా కలిసి ఉంటే షెపర్డ్. ఒంటినిండా చుక్కలుంటే హీలర్. మా శాస్త్రం అంతే.

పొట్టి బొచ్చు, నలుపు రంగు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా పైకి కనబడే లక్షణాలు. అందుకని ల్యాబ్ రక్తం చుక్క లేకపోయినా ల్యాబ్‌లా కనిపించే పిల్లలు ప్రతి వేసవిలో కుప్పలుగా వస్తాయి. స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో బసెంజీ, కాకర్ స్పానియల్ కుక్కలను కలిపి రెండో తరం దాకా పిల్లలు తీశారు. వాటిలో అవ్వలతోగానీ తాతలతోగానీ పోలికే లేనివి పుట్టాయి. వాళ్లు ఇదంతా 1965లోనే అచ్చువేశారు. అవ్వా తాతా ఎవరో తెలిసిన కుక్కల సంగతే అలా ఉంటే, అట్టపెట్టెలో వచ్చినదాన్ని చూసి నేనేం చెప్పను?

డిగ్రీ ఉన్న పశువైద్యులు కూడా నాకంటే గొప్పగా ఏమీ చెప్పలేరు. ఫ్లోరిడాలో నాలుగు షెల్టర్లలో 120 కుక్కలను, పశువైద్యులతో సహా 16 మంది సిబ్బందికి చూపించి, తరవాత డీఎన్‌ఏతో పోల్చారు. 2015లో ఆ ఫలితాలు వచ్చాయి. కనీసం ఒక్కరైనా పిట్ బుల్ రకం అన్న కుక్కలు 62. డీఎన్‌ఏలో ఆ వారసత్వం దొరికినవి 25. నిజంగా ఉన్నవాటిని పట్టుకోవడంలో మనిషిని బట్టి 33 శాతం నుంచి 75 శాతం దాకా తేడా. లేనివాటికి ఆ పేరు అంటగట్టడంలోనూ అంతే, ఒకరు ఒక్కదానికీ అంటగట్టలేదు, ఇంకొకరు దాదాపు సగానికి అంటగట్టారు. మీ మేనేజరుకు మెట్ల దగ్గర ఒక్క చూపులో తెలిసిపోయిందంటే అది ఆవిడ అదృష్టం.

ఇక నీ మొదటి ప్రశ్న. తెలిసి అబద్ధం రాశారా? నా లెక్కలో అది అబద్ధం కాదు, నిజం అంతకన్నా కాదు. సందేహం ఉన్నచోట, ఏ పేరు రాస్తే ఇల్లు దొరుకుతుందో ఆ పేరు రాస్తారు. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, పిట్ బుల్ అని పేరు పడిన కుక్కలు, చూడటానికి అలాగే ఉండి వేరే పేరు పడినవాటికంటే మూడు రెట్లకు పైగా ఎక్కువ కాలం షెల్టర్‌లో ఉండిపోయాయని తేలింది. ఆ ఎదురుచూపు ఎక్కడ ముగుస్తుందో బల్ల ఇవతల కూర్చున్నవాళ్లకు తెలుసు. నిండిపోయిన షెల్టర్‌లో అది సూదితో ముగుస్తుంది. కాబట్టి ల్యాబ్ అన్న మాట కుక్కను చూసి పుట్టలేదు తమ్ముడూ, లీజింగ్ ఆఫీసును తలుచుకుంటే పుట్టింది. దాంతో కుక్క ప్రాణం దక్కింది, రెస్క్యూ వాళ్ల గది ఖాళీ అయింది. నోటీసు మాత్రం నీ తలుపుకు వచ్చింది. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఊహ తప్పవచ్చు. కానీ ఊహ అన్న సంగతి ఫొటో కింద ఉండాలి, నాలుగో పేజీలో కాదు. రుసుము వెనక్కి అడుగు, ఇస్తారని నేననుకోను. దానికి బదులు వాళ్ల చేత ఒక ఉత్తరం రాయించు: తల్లిదండ్రులు తెలియవనీ, జాతి అంచనా మాత్రమేననీ, ఆ అంచనా తామే వేశామనీ. నువ్వు ఆఫీసును మోసం చేయలేదని చెప్పడానికి అది పనికొస్తుంది.

6 శాతం వాదన ఎత్తకు. శాతాల ఆట మొదలైతే పిట్ బుల్, స్టాఫర్డ్‌షైర్ రెండూ కలిపి వాళ్ల చేతిలో 48 ఉంది.

పిట్ బుల్ అన్నది ఒకే జాతి పేరు కూడా కాదు. అమెరికాలో కుక్కల జాతులను నమోదు చేసే సంఘాల్లో యూకేసీ అమెరికన్ పిట్ బుల్ టెర్రియర్‌ను నమోదు చేస్తుంది, ఏకేసీ చేయదు. ఏకేసీ దగ్గర దాని దాయాదికి ఇప్పుడు అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ అని పేరు, ఆ జాతి నమోదు 1936 నుంచి ఉంది. ఒకే కుక్క ఒకచోట ఇది, ఇంకోచోట అది అయిన సందర్భాలున్నాయి. నీ రిపోర్టులో రెండు వరుసలుగా కనబడుతున్నది చాలావరకు ఒకే వంశం. అపార్ట్‌మెంట్ల జాబితాలో సాధారణంగా రెండూ ఉంటాయి, కాబట్టి దీన్ని పట్టుకుని వేళ్లాడినా లాభం లేదు. తెలుసుకుంటావని చెప్పాను.

చట్టం సంగతి. టెక్సస్‌లో నగరాలు, కౌంటీలు ఒక జాతి పేరు పెట్టి కుక్కలను నిషేధించకూడదని రాష్ట్ర చట్టం ఉంది. కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో 1989 నుంచి పిట్ బుల్ నిషేధం ఉండేది, 2020లో జనం ఓటు వేసి ఎత్తేశారు. మన టెక్సస్‌లో ఏ ఊరూ అలాంటిది పెట్టడానికి వీల్లేదు. కానీ ఆ చట్టం ప్రభుత్వాల చేతులు కడుతుంది, ఇంటి యజమాని చేతులు కాదు. ఆయన లీజు ఆయనిష్టం. అందుకే లీజుతో పాటు ఇచ్చిన పెంపుడు జంతువుల అనుబంధ పత్రం తీసి, జాతి గురించి ఉన్న వాక్యం అక్షరం అక్షరం చదువు. 'పూర్తిగా లేదా పాక్షికంగా' అని ఉందా, 'రూపురేఖలను బట్టి' అని ఉందా, ఎవరు నిర్ణయిస్తారని ఉంది? నీ కథంతా ఆ ఒక్క వాక్యంలో ఉంటుంది.

రిపోర్టు విషయంలో నా మాట సూటిగా విను. ఇకమీదట ఏ కాగితం మీదా ల్యాబ్ అని రాసి సంతకం పెట్టకు. మొదటిసారి వాళ్లిచ్చిన కాగితాన్ని నమ్మి పెట్టావు, దానికి ఎవరూ నిన్ను తప్పుపట్టలేరు. ఇప్పుడు రిపోర్టు చదివావు. ఇక రాస్తే అది నీ అబద్ధం.

ఈలోపు జున్నుకు ఏకేసీ వాళ్ల 'కెనైన్ గుడ్ సిటిజన్' పరీక్ష పెట్టించు. పది అంశాలు ఉంటాయి, కలగలుపు కుక్కలను కూడా రానిస్తారు. అపరిచితుడు పలకరిస్తే ఎలా ఉంటుంది, గుంపులో ఎలా నడుస్తుంది, ఇంకో కుక్క ఎదురైతే ఏం చేస్తుంది, ఇవీ చూసేవి. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పెద్ద పరిశోధన ప్రకారం కుక్కకూ కుక్కకూ మధ్య ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వాటా 9 శాతం దాకానే. ఆ అంకె చెబితే మేనేజరుకు ఆవులింత వస్తుంది, పరీక్ష పాసైన పత్రం చూపితే కనీసం చదువుతుంది.

కూకట్‌పల్లి నివాసి:

మా హైదరాబాద్‌లో ఇదే తిరగబడిన కథ. దత్తత గ్రూపుల్లో వీధికుక్క పిల్లల ఫొటో పెట్టి 'ల్యాబ్ క్రాస్', 'షెపర్డ్ క్రాస్' అని రాస్తారు. లేకపోతే ఎవరూ అడగరు. తీసుకెళ్తారు. అయిదారు నెలలకు చెవులు నిక్కబొడుచుకుని, తోక మెలి తిరిగేసరికి 'మోసం చేశారు, ఇది వట్టి ఊరకుక్క' అని గొడవకు వస్తారు. మంచివాళ్లయితే తిరిగి ఇస్తారు, లేకపోతే రాత్రిపూట ఎక్కడో దింపేసి పోతారు. పశువైద్యుడు టీకా పుస్తకంలో ముందే 'నాన్ డిస్క్రిప్ట్' (ఫలానా జాతి అని చెప్పలేనిది) అని రాసే ఉంటాడు, ఆ గడి ఎవరూ చదవరు.

మీ నోటీసు లాంటిది మాకూ ఒకసారి దగ్గరిదాకా వచ్చింది. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల కుక్కల్నీ, వాటి సంకరాల్నీ అమ్మడం, పెంచడం ఆపమని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ మధ్య రోజుల్లో మా కాలనీ గ్రూపులో కాస్త పెద్ద తలకాయ ఉన్న ప్రతి కుక్కా నేరస్థురాలే.

అయితే అక్కయ్య గారితో ఒక పేచీ. ఊహ రాయవద్దంటే ఏం రాయాలి? 'వీధికుక్క' అని రాస్తే పిల్లలు వీధిలోనే ఉంటాయి.

షెల్టర్ అక్కయ్య (శాన్ ఆంటోనియో):

ఏమీ రాయకపోవడం అనే దారి ఉందండీ. ఫ్లోరిడాలో ఆరెంజ్ కౌంటీ షెల్టర్ 2014లో బోను మీది కార్డుల్లోంచి జాతి పేరే తీసేసింది. ఆ తరవాత పిట్ బుల్‌లా కనిపించే కుక్కల దత్తతలు పెరిగాయి. కార్డు మీద వయసు, బరువు, పిల్లలతో ఎలా ఉంటుంది, ఒంటరిగా వదిలితే ఏం చేస్తుంది, ఇవి రాస్తే చాలు. మా దగ్గర కూడా తీసేయమని నేను అడుగుతూనే ఉన్నాను. 'సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు' అంటారు. మీ హైదరాబాద్‌లో వాట్సాప్ గ్రూపుకు సాఫ్ట్‌వేర్ అడ్డేమీ లేదు కదా, మొదలుపెట్టండి.

జున్ను వాళ్ల నాన్న (ప్లేనో, టెక్సస్):

అక్కయ్య గారూ, చాలా థాంక్సండీ. అనుబంధ పత్రం చదివాను. 'పూర్తిగా గానీ పాక్షికంగా గానీ, యాజమాన్యం అభిప్రాయం ప్రకారం' అని ఉంది. అంటే డీఎన్‌ఏలో సున్నా వచ్చినా వాళ్ల మాటే చెల్లేది. రెస్క్యూ వాళ్లు ఉత్తరం ఇచ్చారు, రుసుము మాట ఎత్తితే మాత్రం వినబడనట్టు ఊరుకున్నారు. ఆ ఉత్తరమూ, డీఎన్‌ఏ రిపోర్టూ పట్టుకుని రీజనల్ మేనేజరును కలిశాం. దాని పేరు మీద లయబిలిటీ బీమా (కుక్క ఎవరినైనా గాయపరిస్తే పరిహారం కట్టేది) చూపించి, బయటకు తెచ్చినప్పుడు నోటికి బుట్ట వేస్తే లీజు ముగిసేదాకా ఉండనిస్తామన్నారు. ఆగస్టులో ఖాళీ చేయాలి. బుట్ట చూసినప్పటి నుంచి అమ్మ ఆ ఆఫీసు ముందు నుంచి నడవడం మానేసింది.

ఇంకొక్క ప్రశ్న. కొత్త ఇంటి దరఖాస్తులో జాతి అన్న గడి మళ్లీ వస్తుంది. బీమా ఫారంలో కూడా ఉంది. అక్కడ ఏం రాయాలి?

షెల్టర్ అక్కయ్య (శాన్ ఆంటోనియో):

రెండింటిలోనూ 'మిక్స్‌డ్ బ్రీడ్' అని రాసి, రిపోర్టు జత చేయి. జాతి అసలు అడగని బీమా కంపెనీలు ఉన్నాయి, ముందు వాటినే వెతుకు. జాతి దాచి తీసుకున్న పాలసీ రేపు ఏదైనా జరిగితే చెల్లకపోవచ్చు.

ఇంటికి దరఖాస్తు రుసుము కట్టకముందే రిపోర్టూ ఫొటో మెయిల్‌లో పంపి, సరేనన్న జవాబు రాతపూర్వకంగా తెప్పించుకో. ఫోనులో ఎవరో సరేనన్నారని కట్టేయకు, ఆ ఎవరో వచ్చే నెల ఉండరు. సొంత యజమానులు అద్దెకిచ్చే విడి ఇళ్లు కూడా చూడు, వాళ్లతో మాట్లాడటానికి వీలుంటుంది. ఫొటో ఇప్పటిదే పంపాలి సుమా, రెండు నెలలప్పటిది కాదు.