అవకాడో గింజ పగిలింది, వేరు మాత్రం రావట్లేదు

పచ్చతోరణం:
అవకాడో గింజకి టూత్‌పిక్‌లు గుచ్చి గ్లాసు నీళ్లలో పెట్టి నెల దాటింది. నిలువునా పగిలింది కానీ వేరు కనబడట్లేదు. నీళ్లు మార్చిన మర్నాటికే మసకబారుతున్నాయి, అడుగంతా జిగట. పారేయాలా, ఆగాలా? మొలిస్తే ఎన్నాళ్లకి కాస్తుంది?

మిద్దెతోట:
పారేయకండి. పగలడం మొలకకు తొలి గుర్తు, వేరు ఆ చీలిక అడుగు నుంచే దిగుతుంది. రెండు నుంచి ఎనిమిది వారాలు పట్టడం మామూలే, చలిగా ఉంటే ఇంకా ఆలస్యం. 20–27 డిగ్రీల వెచ్చదనం ఉండాలి.

గింజను వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికున్నట్టే. మెత్తబడి, చీలిక లోపల నల్లగా మారి, కుళ్లు వాసన వస్తే ఇక ఆశ లేదు.

ఆ జిగట చాలావరకు గోధుమరంగు పొర, దానికంటుకున్న గుజ్జు నానడం వల్లే. పొర వలిచి, గింజ కడిగి, వెడల్పాటి అడుగు ఒక్క సెంటీమీటరు మునిగితే చాలు. మొన పైకే ఉండాలి. సగానికి పైగా ముంచితే గాలి ఆడక కుళ్లుతుంది. రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి.

వేరుమూలం:
నన్నడిగితే మట్టే మేలు. నీళ్లలో పెరిగిన వేర్లు పెళుసు, కుండీలోకి మార్చేటప్పుడు ఇట్టే విరుగుతాయి. కింద కన్నాలున్న 20–25 సెంటీమీటర్ల లోతు కుండీలో రెండు పాళ్లు మట్టి, ఒక పాలు కొబ్బరిపొట్టు, ఒక పాలు ముతక ఇసుక కలిపి, గింజ పైసగం బయటికి కనిపించేలా నాటండి. ఎండబెట్టి దాచుకునే గింజ కాదిది, తేమ పోతే మొలిచే శక్తి కూడా పోతుంది.

నీళ్లు కింద నుంచి కారేదాకా పోసి, పైమట్టి ఆరాకే మళ్లీ పోయండి. పళ్లెంలో నిలిచినవి పారబోయాలి. ఎప్పుడూ తడిగా ఉన్న మట్టిలో ఫైటాఫ్తొరా అనే వేరుకుళ్లు తెగులు తగిలి వేర్లు నల్లబడతాయి, పైన ఆకులు వాడతాయి. అది చూసి దాహం అనుకుని ఇంకా పోస్తారు, మొక్క పోయేది అక్కడే. ఆకు కొసలు మాడితే ఎక్కువసార్లు కారణం ఉప్పు. ఉప్పులో ఉండే క్లోరైడ్‌ని అవకాడో తట్టుకోలేదు. ఉప్పు తక్కువున్న నీళ్లు ధారాళంగా పోసి మట్టిని కడగండి.

పచ్చతోరణం:
గింజ గట్టిగానే ఉందండీ. ఇప్పుడే మట్టిలోకి మార్చొచ్చా? తల తుంచాలా?

వేరుమూలం:
మార్చేయండి. వేరు రాకముందైతే విరుగుతుందన్న భయమే లేదు. కాండం 15 సెంటీమీటర్లయ్యాక సగానికి తుంచితే పక్కకొమ్మలు వస్తాయి. అంటు కట్టే ఆలోచనుంటే మాత్రం తుంచొద్దు, నిటారుగా పోనివ్వండి.

అంటుమొక్క:
కాపు సంగతి. గింజ మొక్కకి ఐదేళ్లు పట్టొచ్చు, పదిహేనూ పట్టొచ్చు. కాసినా తల్లికాయ గుణమే వస్తుందన్న నమ్మకం లేదు. కాయలే కావాలంటే కాండం పెన్సిల్ లావయ్యాక, కాపుకొచ్చిన మంచి చెట్టు నుంచి మొగ్గలు ఉబ్బిన కొమ్మ తెచ్చి చీలిక అంటు (కాండం తల కోసి, చీల్చి, అందులో ఆ కొమ్మను దూర్చి కట్టడం) కట్టండి. మూడు నాలుగేళ్లలో పూత చూడొచ్చు. కట్టిన చోటికి కింద మొలిచే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి, లేకపోతే బలమంతా వాటికే పోయి పైఅంటు ఎండిపోతుంది.